స్వేచ్ఛ ఉన్నంత మేర బాధ్యత
(స్మారకోపన్యాస పాఠం)

ఒక మనిషి వెళ్లిపోయాక ఆయన పేరిట సభ జరపడంలోనే మానవ స్వేచ్ఛ మీద ఒక నమ్మకం ఇమిడి ఉంది. ఆయన చేసిన మంచి ఆయనదేనని, మరో దారి ఎదురుగా ఉన్నా ఆ దారినే ఎంచుకున్నాడని అనుకున్నప్పుడే స్మరణకు అర్థం ఉంటుంది. వాన కురిపించినందుకు మేఘానికి ఎవరూ స్మారక సభ పెట్టరు. నీతిశాస్త్రాన్ని జీవితకాలం బోధించిన ఒక అధ్యాపకుడి స్మృతిలో ఆయన శిష్యులు, సహోద్యోగులు, కుటుంబ సభ్యులు, న్యాయవాదులు, విద్యార్థులు కూడిన ఈ సభకు మానవ స్వేచ్ఛ, వ్యక్తిగత బాధ్యత అనే విషయాన్ని నిర్వాహకులు నిర్ణయించడం ఎంతైనా ఉచితం. ఆయన తరగతి గదిలో ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్నే ఇది.

ఈ ప్రశ్నకు రెండు భాగాలున్నాయి. మనిషి నిజంగా స్వతంత్రుడా, లేక కారణాల గొలుసులో ఒక లంకె మాత్రమేనా అన్నది మొదటిది. స్వతంత్రుడైతే తన చేతలకు ఎంతవరకు జవాబు చెప్పాలి, ఎవరి వాటా ఎంత అన్నది రెండవది. మొదటి దాని మీద తత్త్వవేత్తలు రెండున్నర వేల ఏళ్లుగా వాదించారు. రెండవ దాని మీద జరిగిన చర్చ తక్కువ. మనుషుల బతుకుల మీద ఎక్కువ ప్రభావం చూపింది మాత్రం ఆ రెండవదే. ఎంచుకోగల శక్తి, తెలుసుకోగల అవకాశం, ఆజ్ఞాపించగల అధికారం ఎవరికి ఎక్కువ ఉంటే వారి బాధ్యత ఎక్కువ కావాలి. లోకంలో ఈ లెక్క తరచు తలకిందులైంది. దారులన్నీ మూసుకుపోయిన వారి మీద దోషమంతా మోపడం, దారులన్నీ తెరిచి ఉన్నవారిని విధి, ఆజ్ఞ, వ్యవస్థ అనే పేర్లతో విడిచిపెట్టడం అన్ని కాలాల్లోనూ కనిపిస్తుంది. ఈ ఉపన్యాసం పరిశీలించేది ఆ తలకిందులైన లెక్కనే.

మన దేశంలో ఈ చర్చకు చాలా పాత సాక్ష్యం దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తం. తండ్రి బింబిసారుణ్ణి చంపి మగధ సింహాసనం ఎక్కిన అజాతశత్రువు ఒక కార్తిక పున్నమి రాత్రి మేడ మీద మంత్రుల మధ్య కూర్చుని ఉంటాడు. తన మనసుకు శాంతినివ్వగల శ్రమణుడెవరో చెప్పమని అడుగుతాడు. మంత్రులు ఆరుగురు ప్రసిద్ధ గురువుల పేర్లు చెబుతారు. రాజు పెదవి విప్పడు. చివరికి వైద్యుడు జీవకుడి మాట మీద అతని మామిడితోపులో విడిది చేసిన బుద్ధుడి దగ్గరకు వెళ్తాడు. పూర్వం ఆ ఆరుగురు తనకు ఏం బోధించారో అక్కడ వరుసగా వివరిస్తాడు.

ఆ బోధలను రాజు నేరంతో కలిపి చదివితే వాటి అసలు రూపం తెలుస్తుంది. చంపినా నరికినా పాపమంటూ లేదని పూరణ కస్సపుడు అన్నాడు. ప్రాణుల మంచిచెడ్డలకు హేతువే లేదని, మానవ ప్రయత్నమనేది లేదని, అందరూ నియతి ప్రకారం నిర్ణీత కాలం సంసారంలో తిరిగి ముగిసిపోతారని మక్ఖలి గోసాలుడు బోధించాడు. దేహం పడిపోయాక ఏమీ మిగలదని అజిత కేశకంబళుడు చెప్పాడు. కత్తి దేహంలో దిగినప్పుడు అది కేవలం శాశ్వత పదార్థాల మధ్య ఖాళీలోంచి పోతుందని, చంపేవాడూ లేడు చచ్చేవాడూ లేడని పకుధ కచ్చాయనుడు అన్నాడు. పితృహంతకుడైన రాజుకు ఇంతకంటే అనుకూలమైన తత్త్వం దొరకదు. ఈ నాలుగు సిద్ధాంతాల్లో ప్రతిదీ అతన్ని నిర్దోషిగా విడిచిపెడుతోంది. అయినా అతనికి మనశ్శాంతి లేదు. సుత్తం చివర అతను తన నేరాన్ని తన నోటితోనే ఒప్పుకుంటాడు. తప్పును తప్పుగా చూసి ఒప్పుకోవడం ఎదుగుదల అని బుద్ధుడు దాన్ని స్వీకరిస్తాడు. రాజు వెళ్లాక మాత్రం భిక్షువులతో, తండ్రిని చంపకపోయి ఉంటే ఇతనికి ఈ ఆసనం మీదే ధర్మచక్షువు కలిగేదని అంటాడు. ఒప్పుకోలు మనిషిని మళ్లీ నిలబెడుతుంది. చేసిన పని ఫలితాన్ని మాత్రం తుడిచివేయదు. ఆ సుత్తం ఈ రెండు మాటలనూ పక్కపక్కనే ఉంచింది.

గోసాలుడి నియతివాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఆజీవికులు కఠోర తపస్సు చేసిన వారు, శతాబ్దాల పాటు నిలిచిన సంప్రదాయం వారిది. బీహార్‌లోని బరాబర్ కొండల్లో అశోకుడు వారికి తొలిపించి ఇచ్చిన గుహలు నేటికీ ఉన్నాయి. ప్రకృతిలో ప్రతిదానికీ కారణం ఉన్నప్పుడు మనిషి సంకల్పం ఒక్కటే ఆ నియమానికి ఎలా అతీతమవుతుందన్న వారి ప్రశ్నను 17వ శతాబ్దంలో స్పినోజా, 19వ శతాబ్ది ఆరంభంలో లాప్లాస్ వేరే మాటల్లో మళ్లీ అడిగారు. దానికి పూర్తి సమాధానం నేటికీ లేదు.

బుద్ధుడు ఆ ప్రశ్నను ఆచరణ వైపు తిప్పాడు. అంగుత్తరనికాయంలో ఆయన మూడు వాదాలను ఒకే గాటన కట్టి తిరస్కరిస్తాడు: మనిషి అనుభవించేదంతా పూర్వజన్మ కర్మ వల్లనే అనేది ఒకటి, అంతా ఈశ్వర సృష్టి వల్లనే అనేది రెండవది, దేనికీ కారణం లేదనేది మూడవది. ఈ మూడింటిలో ఏది నిజమైనా హంతకుడు తన హత్యకు పూర్వకర్మనో, ఈశ్వరుణ్ణో, యాదృచ్ఛికతనో చూపి తప్పుకోగలడన్నది ఆయన తర్కం. ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే వివేకానికి అప్పుడు చోటుండదు. కర్మ అంటే చేతన, అంటే మనసులోని సంకల్పం అని ఆయన నిర్వచించింది ఈ నేపథ్యంలోనే. మరో సుత్తంలో, మనిషి అనుభవించే బాధల్లో పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు వంటి వాటి వల్ల కలిగేవి ఎన్నో ఉన్నాయని, అన్నిటినీ పూర్వకర్మకు అంటగట్టడం అతిశయోక్తి అని సీవకుడనే పరివ్రాజకుడికి చెబుతాడు.

కర్మ సిద్ధాంతం చరిత్రలో తిరిగిన మలుపు అర్థం కావాలంటే ఈ వివరం గుర్తుంచుకోవాలి. తన చేతల విషయంలో ఎవరికి వారు వర్తింపజేసుకున్నంత కాలం కర్మ గొప్ప నీతిసూత్రమే. చేసినది తప్పక వెంట వస్తుందనే ఎరుక మనిషిని జాగ్రత్తపరుస్తుంది. అదే సూత్రాన్ని ఎదుటివాడి కష్టానికి వివరణగా వాడిన రోజున అది క్రూరమవుతుంది. అంటరానివాడిగా పుట్టినవాడు, చిన్ననాటనే వితంతువైన బాలిక, కరువులో ఆకలితో చచ్చినవాడు తమ దుస్థితికి తామే కర్తలని సమాజం తీర్పు చెప్పింది. వారికి జ్ఞాపకం కూడా లేని జన్మల్లో చేశారంటున్న నేరాలకు వారిని దోషులను చేసి, కళ్లెదుటే వారిని తొక్కిపెడుతున్న వారిని సాక్షుల వరుసలో కూడా నిలబెట్టలేదు. మరణానంతరం 1957లో వెలువడిన తన బుద్ధుడు-ధమ్మం గ్రంథంలో అంబేద్కర్ ఈ మెలికను నేరుగా పట్టుకున్నారు. పేదల, అధముల స్థితికి రాజ్యమూ సమాజమూ జవాబు చెప్పకుండా తప్పుకోవడానికి తప్ప పూర్వకర్మ వాదం మరెందుకు పుట్టి ఉంటుందని ఆయన అడిగారు. బాధ్యత గురించి ఈ దేశంలో వెలువడిన మాటల్లో ఇంత సూటిగా తగిలినది మరొకటి లేదు.

అధికారం ఉన్నవాడు తన పేరు మీద తన నేరాన్ని రాయించుకున్న సందర్భాలు లోకచరిత్రలో చాలా అరుదు. వాటిలో ఒకటి తెలుగు నేల మీద ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ల మీద చెక్కిన అశోకుడి శాసనాల్లో పదమూడవది కళింగ యుద్ధం గురించినది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగాన్ని జయించానని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, లక్ష మంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది మరణించారని అందులో రాజే చెబుతాడు. తమకు నేరుగా హాని జరగకపోయినా స్నేహితులకు, బంధువులకు జరిగిన హాని వల్ల దుఃఖించిన వారినీ ఆ లెక్కలో కలుపుతాడు. దైవం ఇలా రాసిందని అనడు, సేనానులు హద్దు మీరారనీ అనడు. అదే శాసనంలో అటవీ జాతులను మాత్రం, పశ్చాత్తాపం ఉన్నా తన శక్తి తగ్గలేదని హెచ్చరిస్తాడు. జయించిన కళింగాన్ని తిరిగి ఇవ్వలేదు. ఈ శాసనాన్ని కళింగంలోని ధౌలి, జౌగడ శిలల మీద చెక్కించనూ లేదు. గాయపడిన వారి కళ్లబడని చోట రాసిన ఒప్పుకోలు అది. అయినా, విజేత తన విజయాన్ని నేరంగా లెక్కగట్టిన ఆ వాక్యాల విలువ తగ్గదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఎర్రగుడికి ఇప్పుడున్న దానికంటే పెద్ద చోటు దక్కాలి.

బాధ్యతను వాటాలుగా పంచి చూపిన ప్రాచీన ఘట్టం మహాభారత సభాపర్వంలో ఉంది. జూదంలో ధర్మరాజు ముందు తనను ఓడి, ఆ తరువాత ద్రౌపదిని పణంగా పెట్టాడు. సభకు రమ్మని వచ్చిన ప్రాతికామిని ద్రౌపది వెనక్కి పంపుతూ ఒక ప్రశ్న అడుగుతుంది: ఆయన ముందు ఓడింది తననా, నన్నా? న్యాయపరమైన సందేహంలా కనిపించే ఈ ప్రశ్నలో స్వేచ్ఛకు సంబంధించిన మూలసూత్రం ఉంది. స్వేచ్ఛ కోల్పోయినవాడి సంకల్పానికి విలువ ఉందా? తన మీద తనకే అధికారం లేనివాడు మరొకరి బతుకును ఎలా ఒడ్డగలడు? సభలో వయసులోను, జ్ఞానంలోను పెద్దవాడైన భీష్ముడు ధర్మం సూక్ష్మమని, తేల్చి చెప్పలేనని అన్నాడు. ద్రోణుడు, కృపుడు నోరు మెదపలేదు. దుర్యోధనుడి తమ్ముల్లో ఒకడైన వికర్ణుడు లేచి, ద్రౌపది దాసి కాలేదని చెప్పాడు. కర్ణుడు అతన్ని కుర్రవాడివి కూర్చోమన్నాడు.

అప్పుడు విదురుడు ఒక పాత కథ ఎత్తుకుని, కశ్యపుడు చెప్పాడంటూ ఒక లెక్క వినిపిస్తాడు. నిందించవలసిన దానిని సభ నిందించనప్పుడు ఆ పాపంలో సగం సభాధ్యక్షుడికి చేరుతుంది. పావు వంతు చేసినవాడికి, మిగిలిన పావు వంతు నోరు మూసుకుని కూర్చున్న సభ్యులకు. ఈ పంపకం ఆలోచించదగినది. వస్త్రం లాగుతున్న దుశ్శాసనుడి వాటా పావు వంతే. ఆపగల అధికారం ఉండి ఆపని ధృతరాష్ట్రుడి వాటా అంతకు రెట్టింపు. ఒక్క వేలు కదపని పెద్దలకు చేసినవాడితో సమానమైన వాటా. చేతికంటిన రక్తాన్ని బట్టి కాక ఆపగలిగిన శక్తిని బట్టి దోషాన్ని కొలిచిన లెక్క ఇది. ఈ ఉపన్యాసం చెప్పదలచిన దానికి ఇంతకంటే స్పష్టమైన సూత్రీకరణ మన సంప్రదాయంలో దొరకడం కష్టం.

భారతం అక్కడితో ఆగలేదు. ధృతరాష్ట్రుడు అడుగడుగునా దైవం బలీయమని నిట్టూరుస్తాడు. సంజయుడు ప్రతిసారీ తప్పు నీదేనని గుర్తుచేస్తాడు. యుద్ధానికి ముందు నమస్కరించడానికి వచ్చిన ధర్మరాజుతో భీష్ముడు, మనిషి అర్థానికి దాసుడని, కౌరవుల సొమ్ము తనను కట్టిపడేసిందని ఒప్పుకుంటాడు. జీతం తీసుకున్నచోట మాట్లాడలేకపోయిన పండితులందరికీ భీష్ముడే పూర్వీకుడు. గీత చివర కృష్ణుడు బోధనంతా ముగించి, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్లు చేయమని నిర్ణయాన్ని అర్జునుడికే వదిలిపెడతాడు. నిమిత్తమాత్రుడివి కమ్మని పదకొండవ అధ్యాయంలో చెప్పిన మాటనే ఎక్కువ మంది గుర్తుంచుకున్నారు. పద్దెనిమిదవ అధ్యాయంలో ఇచ్చిన ఈ స్వేచ్ఛను గుర్తుంచుకున్నవారు తక్కువ.

పశ్చిమంలో ఈ చర్చకు చట్రం కట్టినవాడు అరిస్టాటిల్. బలవంతం వల్ల, తెలియకపోవడం వల్ల చేసిన పనులు మనిషి ఇష్టపూర్వకంగా చేసినవి కావని, తెలుసుకోగలిగి ఉండి తెలుసుకోకపోవడం మాత్రం క్షమార్హం కాదని నీతిశాస్త్ర గ్రంథంలో నిర్ణయించాడు. నేటి నేరశిక్షాస్మృతులన్నీ ఆ పునాది మీదే నిలిచాయి. 18వ శతాబ్దిలో కాంట్ మరో మెట్టు ఎక్కాడు. ఆయన దృష్టిలో స్వేచ్ఛ అంటే తోచినట్లు చేయడం కాదు, వివేకం తనకు తాను విధించుకున్న నియమానికి లోబడడం. బయటి నుంచి వచ్చిన ఆజ్ఞకు గుడ్డిగా తలవంచేవాడు కాంట్ ప్రకారం ఇంకా యుక్తవయసు రాని మనిషి.

1945 అక్టోబరు 29న పారిస్‌లో జాఁ-పాల్ సార్త్ర్ ఒక ఉపన్యాసం చేశాడు. మనిషికి ముందే నిర్ణయమైన సారం ఏదీ లేదని, తన ఎంపికలే అతన్ని తయారుచేస్తాయని, తప్పించుకోవడానికి ఏ సాకూ చెల్లదని అందులో ప్రకటించాడు. ఇంగ్లండు వెళ్లి స్వేచ్ఛా ఫ్రెంచి దళాల్లో చేరాలా, ఒంటరి తల్లి దగ్గర ఉండిపోవాలా అని సలహా అడిగిన విద్యార్థికి తాను ఏమీ చెప్పకుండా, నువ్వు స్వతంత్రుడివి, ఎంచుకో అన్నానని చెప్పాడు. నాలుగేళ్ల జర్మన్ ఆక్రమణలో లొంగిపోయినవారూ ఎదిరించినవారూ పక్కపక్క ఇళ్లలో బతికిన దేశంలో ఆ మాటకు ఉన్న బరువును ఊహించవచ్చు. కానీ సార్త్ర్ స్వేచ్ఛను అందరికీ సమానంగా పంచాడు. ఆ లోపాన్ని 1947లో సిమోన్ ద బోవా సరిదిద్దింది. అవకాశాల తలుపులన్నీ బయటినుంచి మూసివేసిన వారిని, తలుపు తెరుచుకునే ఉన్నా బయటికి రాని వారిని ఒకే తరాజులో తూచకూడదని, ఎదుటివారి స్వేచ్ఛను కోరకుండా ఎవరూ తమ స్వేచ్ఛను కోరలేరని ఆమె వాదించింది.

సార్త్ర్ ఉపన్యాసం జరిగిన మూడు వారాలకు, 1945 నవంబరు 20న, న్యూరెంబర్గ్ విచారణ మొదలైంది. దానికి ఆధారమైన లండన్ ఒప్పంద నియమావళిలోని ఎనిమిదవ అధికరణం, పై అధికారి ఆజ్ఞ మేరకు చేశానన్నంత మాత్రాన నిందితుడు బాధ్యత నుంచి తప్పుకోలేడని, శిక్ష తగ్గించడానికి మాత్రం దానిని పరిగణించవచ్చని నిర్దేశించింది. 1961లో జెరూసలేంలో యూదుల సామూహిక తరలింపుల నిర్వాహకుడైన అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణకు నిలిచినప్పుడు, జీవితమంతా కాంట్ నీతి ప్రకారం నడిచానని చెప్పుకున్నాడు. ఆ విచారణను దగ్గరగా చూసిన హన్నా అరెంట్‌ను కలవరపరచింది అతనిలో రాక్షసత్వం కాదు, ఆలోచన మానేసిన తనం. కాంట్ చెప్పిన స్వీయ నియమం స్థానంలో అతను నాయకుడి ఇచ్ఛను కూర్చోబెట్టాడు. స్వేచ్ఛను పూర్తిగా మరొకరికి అప్పగించడం కూడా స్వేచ్ఛగా చేసిన పనే. దానికీ జవాబు చెప్పవలసిందే.

అదే 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగాలు మొదలుపెట్టాడు. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా అంతకంతకు ఎక్కువ వోల్టేజి షాకు ఇవ్వమని సామాన్య పౌరులను ఆదేశించారు. షాకులు నిజమైనవి కావని వారికి తెలియదు. మొదట ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారు. ఈ అంకెను అందరూ ఉదహరిస్తారు. ఇంతకంటే విలువైనది తరువాతి ప్రయోగాల్లో తేలిన మరో అంకె. పక్కనున్న ఇద్దరు సహచరులు మధ్యలో లేచి ఇక చేయమని నిరాకరించినప్పుడు 40 మందిలో చివరిదాకా వెళ్లినవారు నలుగురే. వికర్ణుడితో పాటు ద్రోణుడో కృపుడో లేచి ఉంటే కురుసభ ఏమయ్యేదో ఈ ప్రయోగం సూచిస్తుంది. నిరాకరించే శక్తి ఒంటరి మనిషి గుండెలో మాత్రమే ఉండదు. పక్కవారి నోట వచ్చిన కాదు అనే మాట దానిని మేల్కొలుపుతుంది. మౌనంగా ఉన్న సభ్యులకు కశ్యపుడు పావు వంతు పాపం కేటాయించడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

భారతీయ చట్టం ఈ తారతమ్యాలను చాలావరకు గుర్తించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఏడేళ్లలోపు పిల్లల చేత నేరం కాదన్నది. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వారి విషయంలో వారి అవగాహన ఎంత పక్వమైందో చూడమన్నది. మతిస్థిమితం లేక తాను చేసేదేమిటో తెలుసుకోలేనివాణ్ణి మినహాయించింది. ప్రాణభయంతో చేసిన పనిని క్షమించింది కానీ హత్యను ఆ మినహాయింపులో చేర్చలేదు. తన ప్రాణం కాపాడుకోవడానికైనా అమాయకుణ్ణి చంపే హక్కు ఎవరికీ లేదన్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగుతోంది.

మెదడు పరిశోధనలు స్వేచ్ఛా సంకల్పాన్ని భ్రమగా తేల్చాయన్న ప్రచారం ఇటీవల బాగా సాగుతోంది. 1983లో బెంజమిన్ లిబెట్ బృందం, వేలు కదపాలన్న కోరిక మనిషికి స్పృహలో తెలియడానికి సుమారు సెకనులో మూడో వంతు ముందే మెదడులో విద్యుత్ సన్నాహం మొదలవుతుందని చూపింది. అయితే చివరి క్షణంలో ఆ కదలికను ఆపగల వీలు స్పృహకు ఉందని లిబెటే నమ్మాడు. పైగా, కారణం లేకుండా వేలు కదపడం ఒకటి, వారాల తరబడి తర్జనభర్జన పడి ఒక ఆజ్ఞను ధిక్కరించడం మరొకటి. మొదటి దాని మీద చేసిన కొలతతో రెండవ దాని మీద తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు.

తెలుగు దేశంలో ఈ చర్చ 20వ శతాబ్దంలో కొత్త ఊపు అందుకుంది. ఎం.ఎన్. రాయ్ మానవవాదానికి ఇక్కడ గట్టి అనుచరగణం ఏర్పడింది. స్వేచ్ఛ కోసం తపన, సత్యం కోసం అన్వేషణ మనిషి పురోగతికి మూలమని, ఏ సమష్టి పేరు చెప్పి అయినా వ్యక్తిని బలిపెట్టకూడదని 1946లో రాయ్ సూత్రీకరించారు. రాయ్ రాజకీయాల్లో పనిచేసిన త్రిపురనేని గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర నవలలో, తన పతనానికి వంశాన్ని, సమాజాన్ని, బంధువులను, చివరికి సృష్టినే నిందిస్తూ కూలిపోయే సీతారామారావును చిత్రించారు. ఆ పాత్ర ఆలోచించలేక చెడలేదు. ఎంతైనా ఆలోచించగలడు, ఏ ఆలోచననూ తనదిగా చేసుకుని నిలబడలేడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా మరో వైపు నుంచి వచ్చారు. దేవుడికో విధికో తాను బానిసననుకున్నంత కాలం మనిషి తన తప్పులకు బాధ్యుడు కాలేడని, నాస్తికత్వం మొదట నైతిక అవసరమని ఆయన వాదన. దానికోసం కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్నారు, కులాంతర వివాహాలను తన ఇంటినుంచే మొదలుపెట్టారు.

గోరా సన్నిహితంగా వాదించిన గాంధీజీ పరమ ఆస్తికులు. అయినా బాధ్యత విషయంలో ఇద్దరూ ఒకే చోటికి చేరారు. 1922 ఫిబ్రవరి మొదటి వారంలో చౌరీచౌరాలో ఆగ్రహించిన గుంపు పోలీసు స్టేషనుకు నిప్పు పెట్టగా ఇరవై మందికి పైగా పోలీసులు మరణించారు. గాంధీజీ ఆ దరిదాపుల్లో లేరు, హింసకు పిలుపు ఇవ్వలేదు. అయినా ఉద్యమాన్ని ఆపి, ఐదు రోజులు ఉపవాసం ఉన్నారు. మార్చి 18న అహ్మదాబాదులో రాజద్రోహ విచారణలో, చౌరీచౌరా నేరాల నుంచి తనను తాను వేరుచేసుకోలేనని చెప్పారు. ఆయన ఇచ్చిన కారణం గమనించదగినది. తగినంత చదువు, తగినంత లోకానుభవం ఉన్న బాధ్యతగల మనిషిగా తన ప్రతి పని పర్యవసానం తాను ముందే తెలుసుకుని ఉండవలసిందని అన్నారు. చదువును, అనుభవాన్ని బాధ్యత పెంచే కారణాలుగా లెక్కించిన నాయకుడు ఆయన. చదువు, పలుకుబడి ఉన్నవారు వాటిని శిక్ష తప్పించుకునే సాధనాలుగా వాడడమే లోకరీతి. న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్ల శిక్ష విధించారు. చౌరీచౌరా కేసులో దిగువ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు తగ్గించాక 19 మందిని 1923లో ఉరితీశారు. వారిని అక్కడికి నెట్టిన వలస పాలన తన వాటాగా ఏమీ తీసుకోలేదు. సగం పాపం సభాధ్యక్షుడిదన్న కశ్యపుడి లెక్క ఆ తీర్పులో ఎక్కడా కనిపించదు.

స్వతంత్ర భారతంలోనూ అది కనిపించడం లేదు. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి వెలువడిన విషవాయువు వేల మందిని బలిగొంది. 2010 జూన్ 7న కింది కోర్టు ఏడుగురు భారతీయ అధికారులకు, నిర్లక్ష్యం వల్ల మరణాలకు కారకులైనందుకు, రెండేళ్ల శిక్ష వేసింది. వారికి వెంటనే బెయిలు దొరికింది. సంస్థ అధిపతి వారెన్ ఆండర్సన్ ఈ దేశంలో విచారణకు రాకుండానే 2014లో అమెరికాలో మరణించాడు. ఖర్చు తగ్గించమన్నది ఒకరు, శీతలీకరణ ఆపింది మరొకరు, హెచ్చరికను పక్కన పెట్టింది ఇంకొకరు. ఇంత మంది చేతులు కలిసిన చోట ప్రతి చేయీ తనది కాదని చెప్పగలుగుతుంది. పెద్ద సంస్థల యుగంలో స్వేచ్ఛకు ఉన్న అసలు ప్రమాదం నియంత ఒక్కడి నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. నిర్ణయం ఉండి నిర్ణేత కనిపించకపోవడం అంతే ప్రమాదం.

ఈ విషయంలో భారత పార్లమెంటు ఒక మంచి పని చేసింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం తన నిర్ణయాలకు కారణాలను వాటి వల్ల ప్రభావితులైన వారికి తెలపాలి. ఇరవయ్యవ సెక్షన్ ప్రకారం సమాచారం అకారణంగా ఆపిన పౌర సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. అది కార్యాలయం మీద కాక ఆ వ్యక్తి మీద పడుతుంది. సహేతుకంగా ప్రవర్తించానని రుజువు చేసుకునే భారం కూడా అతనిదే. ఆజ్ఞ వెనుక, ఫైలు వెనుక ఒక మనిషి ఉన్నాడని గుర్తించిన అరుదైన నిబంధన ఇది. అయితే ఇక్కడ కూడా లెక్క పూర్తిగా సరికాలేదు. జరిమానా కింది అధికారికే పరిమితమైంది. అతనికంటే హోదాలో పెద్దవాడై, అప్పీలు విని, తప్పును సరిదిద్దే అధికారం ఉండి కూడా సరిదిద్దని మొదటి అప్పీలు అధికారికి ఆ సెక్షన్ కింద ఏ శిక్షా లేదు. ఆ అధికారిని కూడా ఇరవయ్యవ సెక్షన్ పరిధిలోకి తీసుకురావాలి. ఈ సభలో ఉన్న న్యాయవాదులు, అధ్యాపకులు, విద్యార్థులు ఆ సవరణ కోసం తమ ప్రజాప్రతినిధులను అడగాలి.